ఓడ చివిటావెక్కియాలో ఆగిన రోజు ఎట్రుస్కన్ సమాధులు చూడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యధరా సముద్రం క్రూయిజ్‌లో చాలా ఓడలు రోమ్ కోసమని చివిటావెక్కియా పోర్టులో ఆగుతాయి. అక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది రోమ్‌కే పరిగెడతారు. ఆ పోర్టుకి అరగంట దూరంలో రెండున్నర వేల ఏళ్ల నాటి రంగుల బొమ్మలతో సమాధులున్నాయని చెబితే మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు వస్తాయి. నన్ను ఎక్కువగా అడిగేవాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ ఎట్రుస్కన్లు ఎవరు?

రోమ్ ఇంకా చిన్న ఊరుగా ఉన్నప్పుడే దాని ఉత్తరాన పెద్ద పెద్ద నగరాలు కట్టుకుని, ఇనుము, రాగి తవ్వి, గ్రీకులతో, ఇప్పటి లెబనాన్ తీరపు ఫినీషియన్లతో ఓడల మీద వ్యాపారం చేసినవాళ్లు. ఇప్పటి టస్కనీ, ఉంబ్రియాలో కొంత భాగం, రోమ్‌కి ఉత్తరంగా ఉన్న లాజియో ప్రాంతం వాళ్లవి. క్రీ.పూ. 9వ శతాబ్దం నుంచి వాళ్ల ఆనవాళ్లు స్పష్టంగా దొరుకుతాయి. రోమ్‌ని ఏలిన టార్క్విన్ రాజుల వంశం, మనం చూడబోయే ఊళ్లలో ఒకటైన తార్క్వీనియా నుంచే వచ్చిందని రోమన్లే రాసుకున్నారు. క్రీ.పూ. 396లో రోమన్లు వెయీ నగరాన్ని పట్టుకున్నాక మిగతా ఎట్రుస్కన్ నగరాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి వాళ్ల చేతిలోకి వెళ్లాయి, నెమ్మదిగా వాళ్ల భాష కూడా పోయింది.

వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది పాత గొడవ. ఇప్పటి టర్కీలోని లిడియా నుంచి వచ్చారని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. 2021లో వెలువడిన డీఎన్‌ఏ అధ్యయనం మాత్రం వాళ్లు ఇటలీలో అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లేనని తేల్చింది.

రోమ్ వదిలేసి సమాధులు చూడటమేంటండీ?

మీరు రోమ్ ఎప్పుడూ చూడకపోతే, మళ్లీ వస్తామన్న నమ్మకం కూడా లేకపోతే, రోమ్‌కే వెళ్లండి. అందులో తప్పేం లేదు. కానీ ఓడ ఎక్కే ముందో దిగాకో రోమ్‌లో రెండు రోజులు ఎలాగూ ఉండేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు కూడా ఈ ఒక్క రోజున మళ్లీ రోమ్ టూరే బుక్ చేస్తారు. వెళ్లడానికి గంటపైన, రావడానికి గంటపైన, కొలోసియం బయట నిలబడి ఒక ఫోటో, ఎండలో క్యూ, మధ్యలో టైమ్ అయిపోతోందని టెన్షన్. దాని బదులు అరగంటలో చేరిపోయే చోట, జనం తక్కువగా ఉండే చోట, మూడు గంటలు తీరిగ్గా చూడొచ్చు.

సమాధులు అనగానే చావు గుర్తొస్తుంది కదా, ఇక్కడ కనిపించేది బతుకు. విందులు, నాట్యాలు, వేట, చేపలు పట్టడం, కుస్తీలు, వంటింటి సామాను, కుర్చీలు, తలగడలు. వాళ్ల ఇళ్లు మట్టితో, చెక్కతో కట్టినవి కాబట్టి దాదాపు ఏమీ మిగల్లేదు. సమాధుల్ని మాత్రం రాతిలో తొలిచారు కాబట్టి మిగిలాయి. వాళ్లెలా బతికారో తెలుసుకోవాలంటే ఇవే మనకున్న ఇళ్లు.

తార్క్వీనియానా, చెర్వెటెరినా? ఏది మంచిది?

ఇది అందరూ అడిగేది. రెండింటినీ కలిపి యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది గానీ రెండూ పూర్తిగా వేరు.

తార్క్వీనియా పోర్టుకి ఉత్తరాన దాదాపు 20 కిలోమీటర్లు. అక్కడి మొంతెరోజ్జి అనే గుట్ట మీద సుమారు 6,000 సమాధులు ఉన్నాయి, వాటిలో 200 దాకా లోపల బొమ్మలు వేసినవి. పైనుంచి చూస్తే గడ్డి మైదానం, అక్కడక్కడా చిన్న చిన్న కప్పులు, అంతే. అసలు సంగతంతా నేల కింద ఉంది.

చెర్వెటెరి దక్షిణాన, రోమ్ వైపు వెళ్లే దారిలో, కారులో ముప్పావు గంట. అక్కడ బొమ్మలు తక్కువ, కట్టడమే గొప్ప. వీధులు, సందులు, కూడళ్లు, ఇరువైపులా వరస ఇళ్లలా సమాధులు, మధ్యలో పెద్ద పెద్ద గుండ్రటి మట్టి దిబ్బలు. ఊరు చూసినట్టే చూడొచ్చు, చాలావాటి లోపలికి నడిచి వెళ్లొచ్చు.

నన్ను ఒక్కటే చెప్పమంటే తార్క్వీనియా. అలాంటి బొమ్మలు మరెక్కడా అంత సంఖ్యలో లేవు, పోర్టుకి దగ్గర కూడా. పదేళ్లలోపు పిల్లలు వెంట ఉంటే మాత్రం చెర్వెటెరి అంటాను, ఎందుకంటే అక్కడ వాళ్లు నడవొచ్చు, లోపల దూరొచ్చు, తాకకుండా చూడమని ప్రతి నిమిషం అరవక్కర్లేదు.

రెండూ ఒకే రోజు చూడలేమా?

సొంత కారు మాట్లాడుకుని, ఓడ పొద్దున్నే వచ్చి రాత్రికి గానీ బయల్దేరకపోతే చూడొచ్చు. కానీ చూడకండి. ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. పైగా బొమ్మలు ముప్పై సెకన్లు చూసి వెళ్లేవి కావు. మొదట్లో మసక మసకగా కనిపిస్తాయి, కళ్లు అలవాటుపడ్డాక ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఒక్క చోటికే వెళ్లి ఆ చోటుని బాగా చూడండి.

తార్క్వీనియాలో లోపల ఏం కనిపిస్తుంది?

ఒక్కో సమాధికి పైన చిన్న గది లాంటి కప్పు, దాని లోంచి కిందికి నిటారుగా మెట్లు. దిగాక అద్దం తలుపు ఉంటుంది. బటన్ నొక్కితే లోపల లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది, మళ్లీ నొక్కుకోవచ్చు. ఇరవై దాకా సమాధులు తెరిచి ఉంచుతారు, అందులో కొన్ని మరమ్మతులకోసం అప్పుడప్పుడు మూస్తుంటారు. అందుకే ఫలానా సమాధి చూడాల్సిందేనని పట్టుబట్టి వెళ్లొద్దు. తెరిచి ఉంటే మాత్రం వీటిని వదలకండి.

చిరుతల సమాధి. క్రీ.పూ. 480–470 మధ్యది, 1875లో బయటపడింది. ఎదురు గోడ పైభాగంలో రెండు చిరుతలు ఎదురెదురుగా ఉంటాయి, పేరు అందుకే. వాటి కింద విందు జరుగుతోంది. జంటలు పడక మీద ఒరిగి కూర్చున్నారు, ఒకాయన గుడ్డు పట్టుకుని చూపిస్తున్నాడు (మళ్లీ పుట్టుకకి గుర్తు అని పండితులు అంటారు), పక్క గోడ మీద జంట పిల్లనగ్రోవి ఊదేవాడు, తంత్రీవాద్యం వాయించేవాడు నడుస్తూ వస్తున్నారు. మగవాళ్లకి ముదురు ఎర్రమట్టి రంగు, ఆడవాళ్లకి తెల్లటి రంగు వేశారు, అది ఆనాటి చిత్రకారుల పద్ధతి. కప్పు మీద రంగురంగుల గళ్లు.

అక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆడవాళ్లు మగవాళ్ల పక్కనే, అదే పడక మీద, అదే విందులో ఉన్నారు. ఆ కాలపు గ్రీకుల ఇళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు అలాంటి విందుల్లోకి రారు. అందుకే ఎట్రుస్కన్ ఆడవాళ్ల గురించి కొందరు గ్రీకు రచయితలు నానా మాటలూ రాశారు. ఆ రాతల పక్కన ఈ గోడని పెట్టి చూస్తే ఎవరి బతుకు ఎలా ఉండేదో మనకే తెలుస్తుంది. నాకు తార్క్వీనియా అంత ఇష్టం కావడానికి ఇదే మొదటి కారణం.

వేట, చేపల సమాధి. ఇది ఇంకా పాతది, క్రీ.పూ. 6వ శతాబ్దపు చివరి భాగానిది. రెండు గదులు. లోపలి గదిలో సముద్రం, ఆకాశం నిండా పక్షులు, పడవ మీద నుంచి గాలం వేసేవాడు, బండ మీద నిలబడి వడిసెలతో పక్షుల్ని కొట్టేవాడు, నీళ్లలో డాల్ఫిన్లు. ఒక కుర్రాడు కొండ మీద నుంచి నీళ్లలోకి తలకిందులుగా దూకుతున్నాడు. ఊరి బావి గట్టు మీద నుంచి దూకిన పిల్లల్ని చూసిన ఎవరికైనా ఆ ఒంటి విరుపు ఎంత నిజంగా వేశాడో వెంటనే అర్థమవుతుంది.

ఆడసింహాల సమాధిలో నాట్యం చేసే జంటని, పెద్ద పూలదండ కట్టిన కలశాన్ని చూడండి. తర్వాత కాలానివి, అంటే క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి వచ్చినవి చూస్తే మూడ్ మారిపోతుంది. రెక్కల వాంత్, సుత్తి పట్టుకున్న చరున్ లాంటి పరలోకపు రూపాలు కనిపిస్తాయి. రోమ్ ఒత్తిడి పెరుగుతున్న కాలం అది, ఆ భయమే గోడలెక్కిందని కొందరు చరిత్రకారులంటారు. దానికి మాత్రం అందరూ ఒప్పుకోరు.

అద్దం వెనక నుంచే ఎందుకు చూడాలి? లోపలికి వెళ్లనివ్వరా?

వెళ్లనివ్వరు, అది మంచికే. నేల కింద వేల ఏళ్లు ఒకే తేమలో, ఒకే చల్లదనంలో ఉన్న రంగులవి. మనుషులు లోపలికి వెళ్తే ఊపిరితో తేమ, కార్బన్ డయాక్సైడ్ పెరిగి గోడల మీద బూజు, ఉప్పు పేరుకుంటాయి, పెచ్చులు ఊడతాయి. తవ్విన కొన్నేళ్లకే రంగు వెలిసిపోయిన సమాధులు ఉన్నాయి. కొన్నింటి బొమ్మల్ని కాపాడటం కోసం గోడ నుంచి ఒలిచి మ్యూజియంకి తీసుకెళ్లారు కూడా. ఫోటోలు తీసుకోండి, ఫ్లాష్ మాత్రం వాడకండి. అద్దానికి ఫోన్ ఆనించి తీస్తే మెరుపు పడదు.

చెర్వెటెరిలో ఏవి చూడాలి?

అక్కడి బందితాచ్చా శ్మశానం దాదాపు 400 హెక్టార్లు, అందులో చూడనిచ్చేది 10 హెక్టార్ల భాగం. అదే చాలా ఎక్కువ. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తటి రాయి అక్కడి నేల. ఉలితో తేలిగ్గా తొలవొచ్చు, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఆ రాతిలోనే గదులు, ద్వారబంధాలు, దూలాలు, మంచాలు, తలగడలు అన్నీ చెక్కారు. పైకప్పుకి దూలాలు అవసరమే లేదు, అది బండ. అయినా ఇంటి కప్పుకి ఎలా ఉంటాయో అలాగే దూలాలు చెక్కారు. పూరిపాక ఆకారంలో కప్పున్న సమాధి ఒకటుంది, దాన్ని చూస్తే వాళ్ల పాత ఇళ్లు ఎలా ఉండేవో కళ్లకు కడుతుంది.

ముఖ్యమైనది ఉబ్బెత్తు బొమ్మల సమాధి, ఇటాలియన్‌లో తోంబా దెయి రిలియేవి అంటారు. 1847లో దొరికింది. మతునా అనే కుటుంబానిది. స్తంభాల మీద, గోడల మీద డాళ్లు, శిరస్త్రాణాలు, కత్తులు, తాళ్లు, గరిటెలు, వంట సామాను, పెంపుడు జంతువులు, అన్నీ గచ్చుతో ఉబ్బెత్తుగా చేసి రంగులేశారు. ఒక పడక కింద మూడు తలల కుక్క కూడా ఉంది. కొక్కేలకి తగిలించిన వస్తువులు నిన్న వాడి పెట్టినట్టే ఉంటాయి. దీన్ని కూడా అద్దంలోంచే చూడాలి.

మంచాలు కూడా చూడండి. కాళ్లు చెక్కినవి మగవాళ్లవి, తలవైపు ఇంటి చూరులా త్రికోణం చెక్కినవి ఆడవాళ్లవి. బయట ద్వారాల దగ్గర పెట్టే గుర్తు రాళ్లలో కూడా ఇదే తేడా, మగవాళ్లకి స్తంభం, ఆడవాళ్లకి చిన్న ఇల్లు.

లోపల శవాలు, ఎముకలు ఉంటాయా? వెళ్లొచ్చాక మైల పాటించాలా?

అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్లేవాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు, మొహమాటపడుతూ అడుగుతారు. చూసే సమాధుల్లో శరీరాలేమీ లేవు. వాటిలో చాలావరకు పాతకాలంలోనే దొంగలు ఖాళీ చేశారు, మిగిలినవి మ్యూజియంలకి వెళ్లాయి. ఇప్పుడున్నవి ఖాళీ గదులు, గోడలు. పెద్దవాళ్లకి ఓడకి వచ్చాక తలస్నానం చేస్తే మనసుకి బాగుంటుందనిపిస్తే చేయనివ్వండి, వాదించకండి. వెళ్లే ముందే ఇది పాత రాజుల కోట లాంటి చారిత్రక స్థలమని, అక్కడున్నవి విందుల బొమ్మలని చెప్పి ఒకటి రెండు ఫోటోలు చూపిస్తే చాలామంది సంతోషంగా వస్తారు.

మన దగ్గర కూడా దాదాపు ఆ కాలపు ఇనుప యుగం సమాధులున్నాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట దగ్గర రాతి పలకలతో కట్టిన రాకాసి గుళ్లు అలాంటివే. అవి చూసినవాళ్లకి ఇవి కొత్తగా అనిపించవు.

ఓడ వాళ్ల టూర్ తీసుకోవాలా, సొంతంగా వెళ్లాలా?

ఓడ వాళ్ల టూర్‌కి డబ్బు ఎక్కువ, కానీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. టికెట్ మీద రాసేది ఓడ కదిలే టైమ్, అందరూ ఎక్కేయాల్సిన టైమ్ అంతకంటే ముందే ఉంటుంది, అది చూసుకోండి. నా లెక్క ఇది: తార్క్వీనియాకైతే సొంతంగా వెళ్లినా భయం లేదు, దగ్గర కాబట్టి. ఎక్కే టైమ్‌కి రెండు గంటల ముందు పోర్టులో ఉండేలా వేసుకోండి. చెర్వెటెరికి రైలు, బస్సు మారి వెళ్లడం కంటే టూరో, నలుగురైదుగురు కలిసి కారో మేలు.

టూర్ బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: సమాధుల దగ్గర అసలు ఎంతసేపు ఉంచుతారు? కొన్ని టూర్లలో వైన్ రుచి చూడటం, షాపింగ్, భోజనం అన్నీ కలిపి సమాధులకి గంట కూడా మిగలదు. అలాంటిది వద్దు.

సొంతంగా తార్క్వీనియా ఎలా చేరాలి?

ఓడ దగ్గర నుంచి పోర్టు షటిల్ బస్సు లార్గో దెల్లా పాచే అనే చోట దింపుతుంది. అక్కడి నుంచి రైల్వే స్టేషన్‌కి బస్సుంటుంది. రోమ్–పీసా లైనులో ఉత్తరం వైపు వెళ్లే ప్యాసింజర్ రైలెక్కితే తార్క్వీనియా పావుగంట. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదున్న మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఫైన్. స్టేషన్ కింద, ఊరు గుట్ట మీద, మధ్యలో మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి బస్సో ట్యాక్సీనో కావాలి. ఊరి నుంచి సమాధుల దగ్గరికి నడవొచ్చు. రైళ్లు గంటగంటకీ ఉంటాయనుకోవద్దు, తిరుగు రైలు టైమ్ ముందే రాసిపెట్టుకోండి. ఆదివారాలు బస్సులు బాగా తగ్గిపోతాయి. నలుగురుంటే పోర్టు నుంచి రానుపోను ట్యాక్సీ మాట్లాడుకోవడమే హాయి, ధర ఎక్కేముందే ఖాయం చేసుకోండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లగలరా?

తార్క్వీనియాలో ప్రతి సమాధికీ దిగాలి, ఎక్కాలి. అన్నీ దిగక్కర్లేదు, నాలుగైదు బాగున్నవి ఎంచుకుని దిగితే చాలు. అసలు మెట్లే వద్దనుకునేవాళ్లని ఊరి మ్యూజియంలో కూర్చోబెట్టండి, అక్కడ కూడా గోడల నుంచి తీసిన బొమ్మలున్నాయి. చక్రాల కుర్చీతో సమాధుల్లోకి దిగడం కుదరదు. చెర్వెటెరిలో మెట్లు తక్కువే గానీ నేల ఎగుడుదిగుడు రాయి, వానపడితే జారుతుంది. మంచి బూట్లు వేసుకోండి. జూలై, ఆగస్టుల్లో ఎండ మన కోస్తా ఎండకి తీసిపోదు, నీడ తక్కువ, టోపీ, నీళ్లు తప్పనిసరి.

మ్యూజియంకి టైమ్ కేటాయించాలా?

తార్క్వీనియాలో అయితే తప్పకుండా. 15వ శతాబ్దపు విటెల్లెస్కి భవనంలో ఉంది. రెక్కల గుర్రాల జంట అక్కడే ఉంది, కాల్చిన మట్టితో చేసినవి, క్రీ.పూ. 4వ శతాబ్దంవి, ఒకప్పుడు గుడి ముందు భాగాన ఉండేవి. త్రిక్లీనియం సమాధి బొమ్మలు కూడా ఇక్కడికే తెచ్చారు, నాట్యం చేసేవాళ్ల చేతివేళ్లు ఎలా తిప్పారో దగ్గరగా చూడొచ్చు.

చెర్వెటెరి మ్యూజియం చిన్నదే, కానీ అందులో యూఫ్రోనియోస్ కలశం ఉంది. క్రీ.పూ. 515 ప్రాంతంలో ఏథెన్స్‌లో చేసిన గ్రీకు పాత్ర అది, సార్పెడాన్ అనే వీరుడి శరీరాన్ని నిద్ర, మృత్యువు అనే దేవతలిద్దరూ ఎత్తుకుపోతున్న బొమ్మ ఉంటుంది. 1971లో ఇక్కడి సమాధి నుంచి దొంగలు తవ్వుకుపోయారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం పది లక్షల డాలర్లకి కొంది. ఇటలీ ఏళ్ల తరబడి వెంటపడితే 2008లో వెనక్కి వచ్చింది. అది ఏ ఊరి నేలలోంచి పోయిందో ఇప్పుడు ఆ ఊరిలోనే ఉండటం నాకు చాలా సంతోషం.

చెర్వెటెరిలోనే 1881లో దొరికిన భార్యాభర్తల శవపేటిక, ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని నవ్వుతూ ఉండేది, రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉంది. రోమ్‌లో ఉండే రోజుల్లో అది చూడండి.

వాళ్ల రాత ఎవరైనా చదవగలరా?

చదవగలరు, అర్థం మాత్రం కొంతవరకే తెలుసు. గ్రీకుల నుంచి తీసుకున్న అక్షరాలు, ఎక్కువగా కుడి నుంచి ఎడమకి రాశారు. పేర్లు, బంధుత్వాలు, పదవులు తెలుస్తాయి. పొడవైన గ్రంథాలు దాదాపు మిగల్లేదు. 1964లో చెర్వెటెరి వాళ్ల రేవు పీర్గీలో మూడు బంగారు రేకులు దొరికాయి, ఎట్రుస్కన్‌లో, ఫినీషియన్‌లో ఒకే విషయం రాసినవి. అవి కొంత సాయపడ్డాయి. మనం రోజూ వాడే ఇంగ్లీషు అక్షరాలు రోమన్లకి వీళ్ల ద్వారానే చేరాయి.

వీసా సంగతి?

భారత పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు, హెచ్1బీ ఉన్నా కావాలి, మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. ఓడ మధ్యలో టర్కీకో, ట్యునీషియాకో వెళ్లి మళ్లీ ఇటలీకో గ్రీసుకో వస్తే మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి. ఆ దేశాల వీసా నియమాలు వేరుగా చూసుకోవాలి.

శాకాహారులకి తిండి?

ఇబ్బంది లేదు. ఊళ్లో ముక్కల లెక్కన కోసి అమ్మే పిజ్జా దొరుకుతుంది, టమాటా, జున్ను వేసిన మార్గరీటా అడగండి. మాంసం వద్దంటే "సెంజా కార్నె" అనండి, చేప కూడా వద్దని విడిగా చెప్పండి. మధ్యాహ్నం చాలా కొట్లు మూసేస్తారు కాబట్టి ఒంటిగంటకల్లా తినేయండి. ఓడ నుంచి వండిన తిండి బయటికి తీసుకెళ్లనివ్వరు, బిస్కెట్లు పెట్టుకోండి.

మా ఓడ సోమవారం ఆగుతోంది, ఎలా?

సోమవారం రెండు చోట్లా మామూలుగా సెలవు. ఓడ రూటు బుక్ చేసేటప్పుడే వారం చూసుకోవడం మంచిది. పండగ రోజుల్లో వేళలు మారతాయి, వెళ్లడానికి వారం ముందు ఈ సమాధుల పార్కు వెబ్‌సైట్ చూడండి. 18 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, పాస్‌పోర్టు కాపీ దగ్గరుంచుకోండి.

సోమవారమే అయితే, ఆ ఓడ లివోర్నోలో మరో రోజు ఆగుతుందేమో చూడండి. అక్కడి నుంచి దక్షిణాన బరాత్తి సముద్ర తీరంలో పొపులోనియా ఉంది, ఎట్రుస్కన్లు ఇనుము కరిగించిన చోటు, ఇసుక ఒడ్డు పక్కనే సమాధులు. ఇనుప చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలే వ్యర్థం) గుట్టల కింద కప్పబడిపోయి ఉన్న ఆ సమాధులు, 20వ శతాబ్దంలో ఆ చిట్టాన్ని మళ్లీ కరిగించడానికి తవ్వుతుంటే బయటపడ్డాయి. లివోర్నో నుంచి గంటపైన ప్రయాణం, రైలు కష్టం, కారు మాట్లాడుకోవాలి.